అమ్మమ్మ లేచిన ఎనిమిది సెకన్లు

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు లేచేది అమ్మమ్మ. అలాగని ఆవిడ లేవడం ఎవరైనా చూశారా అంటే, లేదు. మనవరాలు కళ్ళు తెరిచేసరికి అమ్మమ్మ స్టవ్ దగ్గర ఉండేది, చేతిలో టీ గిన్నె. మొహం కడుక్కుని వచ్చేసరికి కిటికీ పక్క కుర్చీలో ఉండేది, టీ బల్ల మీద పొగలు కక్కుతుండేది. అమ్మమ్మ అడుగు తీసి అడుగు వెయ్యాలంటే చూసేవాళ్ళు ఉండకూడదు, అంతే. ఎవరైనా చూస్తుంటే కూర్చున్నది కూర్చున్నట్టే, నిలబడ్డది నిలబడ్డట్టే. కబుర్లు చెప్పేది, నవ్వేది, తిట్టాల్సి వస్తే కడిగేసేది. చోటు కదలడం మాత్రం ఎవరి కంటా పడలేదు.

అమ్మకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇంతే కాబట్టి అమ్మకు ఇది వింత కాదు. "ఆవిణ్ణి ఎక్కడికైనా తీసుకెళ్ళడానికేముందే, అందరం ఒక్కసారి అటు తిరిగితే సరి" అనేది. వాళ్ళ వీధికొచ్చే బస్సు కండక్టరు కూడా అమ్మమ్మ కనబడగానే మెడ తిప్పి షాపుల బోర్డులు చదువుకునేవాడు. రెండు బోర్డులు అయ్యేసరికి ఆవిడ సీట్లో ఉండేది, చిల్లర చేతిలో పట్టుకుని.

ఇక మనవరాలి సంగతి. ఇంట్లో ఆ పిల్లని తొందర అని పిలిచేవారు. ఒక కాలికి చెప్పు వేసుకుని రెండోది చేత్తో పట్టుకుని గేటు దాటేసే రకం. అలాంటి పిల్ల పోయి పోయి బొమ్మల సినిమా తీసే చదువులో చేరింది. బొమ్మను వెంట్రుకవాసి కదపాలి, ఫోటో తియ్యాలి. మళ్ళీ వెంట్రుకవాసి కదపాలి, మళ్ళీ ఫోటో. అలా పన్నెండు తీస్తే తెర మీద ఒక్క సెకను. రోజంతా నడుం పడిపోయేలా పనిచేస్తే బొమ్మ తల తిప్పి ఒకసారి దగ్గుతుంది. "నీకూ దీనికీ ఎలా కుదిరిందే తల్లీ!" అని అమ్మ తల పట్టుకుంది.

అక్కడ ఇద్దరిద్దర్ని జత చేస్తారు. మార్కులు ఇద్దరికీ కలిపే. తొందరకు దొరికిన జత, ఇరవై ఏళ్ళపాటు కట్టుడు పళ్ళు తయారుచేసి, ఇక చాలని మానేసి వచ్చిన నలభై రెండేళ్ళ మనిషి. క్లాసులో అందరూ పళ్ళాయన అనేవారు. ఆ పిల్ల మాత్రం అన్నయ్యా అని పిలిచేది. నోట్లోంచి మాట రాలడమే కష్టం గానీ, ఆయన చెయ్యి బంగారం. తీగ వంచి బొమ్మకు ఎముకలు పెట్టాడంటే వేళ్ళ కణుపులతో సహా వంగేవి. ఈ పిల్ల చొక్కా చెయ్యి తగిలి బొమ్మ పడిపోయినా, తుమ్మి కెమెరా స్టాండు కదిపేసినా, "మళ్ళీ మొదట్నుంచి తల్లీ" అనేవాడు తప్ప ఒక్కనాడూ విసుక్కోలేదు. అదే ఆ పిల్లకు ఇంకా సిగ్గుగా ఉండేది.

ఏడాది చివర ఒక నిమిషం సినిమా తియ్యాలి. ఒక ముసలావిడ కుర్చీలోంచి లేచి, కిటికీ దాకా నడిచి, రెక్క తెరుస్తుంది. అంతే వాళ్ళ కథ. ఆర్నెల్ల పరీక్షలో ఇద్దరూ తప్పారు కాబట్టి ఇది నిలబడితేనే రెండో ఏడాది, లేకపోతే మూటాముల్లె సర్దుకోవడమే. మొదటిసారి తీసింది చూసి పాఠం చెప్పే మేడమ్ పెదవి విరిచింది.

"లేవడం అంటే ఇదా? మీ ముసలావిడ స్ప్రింగు మీంచి ఎగిరినట్టుంది. ఒంట్లో బరువేదీ? ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళు లేవడం చూసి రండి."

పళ్ళాయన ఇంట్లో పెద్దవాళ్ళు లేరు. తొందర నసిగింది. "మా అమ్మమ్మ ఉంది మేడమ్. కానీ ఎవరైనా చూస్తుంటే ఆవిడ కదలదు."

"అలాగా," అంది మేడమ్. "మరి గదిలో ఎవరూ లేకుండా కెమెరా ఒక్కటే పెట్టి చూశారా?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఇంట్లో ఎవరికీ తట్టలేదు!

ఆదివారం మధ్యాహ్నం పళ్ళాయన కెమెరా పట్టుకొచ్చి అమ్మమ్మ కుర్చీ ఎదురుగా బిగించాడు. సెకనుకొకటి చొప్పున దానంతటదే ఫోటో తీసేలా పెట్టాడు. "మేం వంటింట్లో ఉంటాం అమ్మమ్మా, నీ పని నువ్వు చూసుకో" అంది తొందర. "నన్నేం తీస్తారే, నా మొహం!" అని అమ్మమ్మ జుట్టు సవరించుకుంది. ఇద్దరూ వంటింట్లో బిస్కెట్లు తింటూ కూర్చున్నారు. అవతల కెమెరా టిక్కుటిక్కుమంటూనే ఉంది. తిరిగొచ్చేసరికి అమ్మమ్మ కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తోంది.

ఫోటోలు కంప్యూటర్లో పెట్టి చూశారు. ఏ ఫోటోకా ఫోటోలో అమ్మమ్మ కదలకుండానే ఉంది. పళ్ళాయన వాటిని వరసగా తిప్పాడు. అప్పుడు అమ్మమ్మ లేచింది.

మొదటి ఫోటోలో రెండు చేతులూ మోకాళ్ళ మీద ఉన్నాయి. రెండో దాంట్లో ఒళ్ళు ముందుకు వంగింది. మూడో దాంట్లో కుర్చీ మీంచి జానెడు పైకి లేచింది. నాలుగు, ఐదు, ఆరు ఫోటోల్లో అక్కడే ఉండిపోయింది. కుర్చీ చెయ్యి పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. కళ్ళు గట్టిగా మూసుకుంది. కింది పెదవి పళ్ళ మధ్య నలుగుతోంది. ఏడో దాంట్లో నిలబడింది. ఎనిమిదో దాంట్లో వంటింటి వైపు తిరిగి ఉంది, ఎప్పటి నవ్వుమొహంతో.

తొందర ఇంకోసారి తిప్పమంది. ఆ తర్వాత ఇంకోసారి అడగలేకపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది.

"పొద్దున్నే మంచం మీంచి టీ అని అరుస్తాను అన్నయ్యా. రోజూ అరుస్తాను."

పళ్ళాయన ఒక గ్లాసుడు నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. "నోరు విప్పి నొప్పని చెప్పేవాళ్ళు తక్కువ తల్లీ. మా పళ్ళ పనిలో నోటికి అచ్చు తీస్తేగానీ తెలిసేది కాదు" అన్నాడు. తర్వాత అడిగాడు, "మరి మన బొమ్మ ఎలా లేవాలి?"

"ఇలాగే. ఎనిమిది సెకన్లకి ఎనిమిది సెకన్లూ," అంది ఆ పిల్ల ముక్కు తుడుచుకుంటూ.

ఎనిమిది సెకన్లంటే తొంభై ఆరు ఫోటోలు. రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆ పిల్లని చూసినవాళ్ళెవరూ తొందర అని పిలవరు. బొమ్మ మూసుకున్న కళ్ళ మీద మైనపు రెప్పను సూదిమొనతో అద్దుతూ, ఊపిరి బిగబట్టి, ఒక్కసారైనా గడియారం వైపు చూడలేదు. ఇంట్లో టీ కూడా తనే పెట్టుకోవడం మొదలుపెట్టింది. అమ్మ అనుమానంగా చూసింది. సంగతి అమ్మకు చెబుదామని రెండుసార్లు నోరు తెరిచి, ఎలా చెప్పాలో తెలియక మూసేసింది.

సినిమాలు వేసే రోజు ఇళ్ళవాళ్ళందర్నీ పిలిచారు. అమ్మ, అమ్మమ్మ ముందు వరసలో కూర్చున్నారు. మార్కులు వెయ్యడానికి బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు, చెవి మీద పెన్సిలు, చేతిలో కాగితం. దీపాలు ఆర్పి వీళ్ళ సినిమా వేశారు. తెర మీద ముసలావిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టింది, వంగింది, జానెడు లేచి ఆగిపోయింది. హాల్లో ఎవరో దగ్గారు. ఆగే ఉంది. చీకట్లో అమ్మ పక్కకు తిరిగి అమ్మమ్మ మొహంలోకి చూసింది. అమ్మమ్మ తెర మీంచి చూపు తిప్పలేదు.

దీపాలు వెలిగాయి. పెద్దాయన కళ్ళజోడు తీశాడు.

"బొమ్మ పనితనం బాగుంది. కానీ లేవడానికి అంతసేపేంటండీ! ఒక్కో ఫోటో ఇద్దరూ చెరోసారి నొక్కేసి ఉంటారు. జంటలు చేసే తప్పే ఇది. ఒకళ్ళు నొక్కారని ఇంకొకళ్ళకి తెలీదు, బొమ్మ సాగిపోతుంది."

"లెక్కపెట్టే నొక్కాం సార్," అన్నాడు పళ్ళాయన. నలుగురిలో ఆయన గొంతు విప్పడం అదే మొదలు.

"లెక్కపెడితే మూడు సెకన్లు చాలు. ఏ మనిషీ అంతసేపు లేవడు. కథంతా అదే కాబట్టి పాస్ వెయ్యలేను, ఏమనుకోకండి," అని పెద్దాయన కాగితం మీదకు వంగాడు. పెన్సిలు అంకె రాసేసింది.

"బాబూ, ఇటు చూడు."

అమ్మమ్మ గొంతు. పెద్దాయన తలెత్తాడు. అమ్మా తొందరా అలవాటు కొద్దీ మెడలు అటు తిప్పేసుకున్నారు.

"మీరు కూడానే. ఇటే చూడండి, కళ్ళు తిప్పకండి," అంది అమ్మమ్మ.

రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టింది. ముందుకు వంగింది. కుర్చీ మీంచి జానెడు లేచి, ఆగింది. కళ్ళు మూసుకుంది. హాలంతా చూస్తోంది. ఎవరూ దగ్గలేదు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది అని తొందర పెదాలతోనే లెక్కపెట్టుకుంటోంది. ఎనిమిది దగ్గర అమ్మ చప్పున లేచి అమ్మమ్మ మోచెయ్యి పట్టుకుంది. అమ్మమ్మ నిలబడింది.

పెద్దాయన చేతిగడియారం చూసుకున్నాడు. రబ్బరు తీసి రాసిన అంకె చెరిపేశాడు.

"తొమ్మిది," అన్నాడు నెమ్మదిగా. "మీరే ఒక సెకను తగ్గించారు." అని పాస్ వేశాడు.

పళ్ళాయన ఒక్కసారిగా కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తొందర పరుగెత్తుకొచ్చి అమ్మమ్మ రెండో చెయ్యి పట్టుకుంది. అమ్మమ్మ చుట్టూ చూసి కసురుకుంది.

"ఏంటే అందరూ అలా గుడ్లప్పగించి చూస్తారు? ముసలాళ్ళు లేవడం ఎప్పుడూ చూళ్ళేదా?"

"చూళ్ళేదమ్మా," అంది అమ్మ, పట్టుకున్న చెయ్యి వదలకుండా.