దొంగ కొత్తిమీర

మా అత్తగారి ముక్కు గురించి జనం గొప్పగా చెప్పుకుంటారు. వాళ్ళకేం, ఎన్నైనా చెప్పుకుంటారు. ఆ ముక్కుతో ఒకే ఇంట్లో కాపురం చెయ్యాల్సింది నేను. నిన్నటి పాలతో కాఫీ కలిపితే గ్లాసు అందుకోకముందే పట్టేసేవారు. కొత్త సబ్బు వాడితే పక్కగదిలోంచే, "పాతదానికేం రోగం వచ్చిందే?" అని అడిగేవారు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇక మా ఇద్దరికీ ఎలా పొసిగిందో మీరే ఊహించుకోండి.

అయినా మా బతుకు నడిచింది ఆ ముక్కు మీదే. మాది ఆకుకూరల తోట. ఇంటి వెనక మళ్ళు, మళ్ళకి అవతల కంచె, కంచెకి అవతల మురుగు కాలవ. ఆ కాలవ గట్టున అచ్చం కొత్తిమీరలా ఉండే పిచ్చిమొక్క ఒకటి పెరుగుతుంది. దాని విత్తనాలు గాలికొచ్చి మా మళ్ళలో పడతాయి. అదే ఎత్తు, అదే పచ్చదనం, అవే చీలికల ఆకులు. పుస్తకాల్లో దానికి ఏ పేరుందో గానీ మా ఇంట్లో మాత్రం దొంగ కొత్తిమీర అంటాం. ముదిరితే కాడ చూసి చెప్పొచ్చు. లేతగా ఉన్నప్పుడు తోటలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా బోల్తా పడతారు. అది విషం. కాస్త తిన్నా వాంతులు పట్టుకుంటాయి, ఒంట్లో సత్తువ లేనివాళ్ళకైతే ప్రాణం మీదికే వస్తుంది. మా కొత్తిమీర ఎక్కువగా వెళ్ళేది ఆస్పత్రి వంటింటికి.

అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. నేనూ మా ఆయనా కోసి, కట్టలు కట్టి బల్ల మీద పెడతాం. కోసినవాళ్ళు వాసన చూడకూడదు. అప్పటికే వాళ్ళ చేతులకీ ముక్కుకీ కొత్తిమీర పట్టేసి ఉంటుంది. వాసన చూసే మనిషి మళ్ళలోకి దిగకూడదు, కాఫీ తాగకూడదు, సబ్బు ముట్టుకోకూడదు. అత్తయ్య ఉత్త నీళ్ళతో చేతులు కడుక్కుని, బల్ల ముందు కుర్చీలో కూర్చుని, ఒక్కో కట్టా విప్పి ముక్కు దగ్గర తిప్పి బుట్టలో వేసేవారు. కట్టలో దొంగ రెమ్మ ఒక్కటున్నా దొరికిపోయేది. బజార్లో ఆవిడ అసలు పేరు ఎవరికీ తెలీదు. ముక్కమ్మగారంటేనే తెలుసు.

చలికాలంలో ఆవిడకి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గగానే మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. అప్పట్నుంచి బుట్టలోకి పోయేవాటికన్నా చెత్తకుప్పలోకి పోయే కట్టలే ఎక్కువయ్యాయి. నడుం పడిపోయేలా వంగి కోసిన దాన్ని, ఎన్నాళ్ళని ఊరుకుంటాను? ఒకరోజు అడిగేశాను.

"ఏంటత్తయ్యా ఇది? నిక్షేపంలాంటి కొత్తిమీర. ఇందులో మీకేం కనబడింది?"

"నాకు నచ్చలేదు."

"నచ్చడానికి ఇదేమన్నా పెళ్ళి సంబంధమా?"

"నోటికి తాళం వేసుకుని కోత సంగతి చూసుకో. ఈ పని నాది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయనతో చెప్తే, "అమ్మ పారేసిందంటే ఏదో ఉండే ఉంటుందిలే" అని తేల్చేశాడు. ఆయనకి వాళ్ళమ్మ మాటే వేదం. నేనే వెళ్ళి చెత్తకుప్ప దగ్గర కూర్చుని, పారేసిన కట్టలన్నీ విప్పి చూశాను. అన్నీ మంచివే. చాదస్తమైనా అయ్యుండాలి, నా మీద కసైనా అయ్యుండాలి అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక పొద్దున ఆస్పత్రి బుట్టని వ్యాన్ ఎక్కించి వెనక్కి వస్తుంటే, వీధి గుమ్మం దగ్గరే మాడు వాసన గుప్పున కొట్టింది. పరిగెత్తి వెళ్ళి చూద్దును కదా, పాలు పొంగి ఇగిరిపోయి గిన్నె నల్లగా మాడుతోంది. చేతికందే దూరంలో అత్తయ్య స్టూలు మీద కూర్చుని, పొయ్యికి వీపు పెట్టి, తాపీగా బఠాణీలు ఒలుస్తున్నారు. నేను పొయ్యి కట్టేసిన చప్పుడికి ఉలిక్కిపడ్డారు.

మామూలుగా అయితే ఇల్లు పీకి పందిరేసేదాన్ని.  ఆ రోజు మాత్రం వెల్లుల్లి రెబ్బ ఒకటి చిదిమి, "కళ్ళు మూసుకోండి" అన్నాను. ఎందుకని అడగకుండానే మూసుకున్నారు. ముక్కు దగ్గర పెట్టాను.

"ఇదేంటి?"

గట్టిగా పీల్చారు. మళ్ళీ పీల్చారు. "తెలీడం లేదే," అన్నారు.

"ఎప్పట్నుంచి?"

"జ్వరం అప్పట్నుంచి."

"మరి ఇన్నాళ్ళూ ఆ కుర్చీలో కూర్చుని ఏం చూస్తున్నారు?"

"ఆకు తిరగేసి చూస్తున్నా. దొంగదానికి ఆకు అడుగున మెరుపుంటుంది. మెరిసిందల్లా అవతల పారేస్తున్నా."

మంచు తడికి మంచి ఆకు కూడా మెరుస్తుంది. అందుకే అంత సరుకు కుప్పలో పడింది. అది సరే. మరి ఆవిడ కంటికి ఆనని దొంగ రెమ్మల సంగతో? కళ్ళజోడు లేనిదే గుమ్మంలో నిలబడింది ఎవరో పోల్చుకోలేని మనిషి.

"ఇందాక వెళ్ళిన బుట్ట..." అన్నాను. ఆవిడ మొహంలో రక్తం లేదు.

ఆస్పత్రి వంట మేస్త్రికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. దొరికిన బండి ఎక్కి వెళ్ళాను. ఆయన అప్పుడే మొదటి కట్ట విప్పి, కత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"ఆగండి మేస్త్రీ! కొయ్యకండి!"

నా అరుపుకి వంటింట్లో గరిటెలన్నీ ఆగిపోయాయి. కుళాయి కింద చేతులు కడుక్కుని, ఒక్కో కట్టా వాసన చూడటం మొదలుపెట్టాను. ఆ పని నాకెవరూ నేర్పలేదు, ఎన్నడూ చెయ్యనివ్వలేదు. పైగా పొద్దున కోసినదాన్ని, కానీ వేరే దారి లేదు. కాసేపటికి అంతా ఒకటే వాసనగా అనిపించేది. పెరట్లోకి వెళ్ళి గాలి పీల్చుకుని మళ్ళీ వచ్చేదాన్ని. మంచివి, మంచివి, మంచివి. భయపడి అనవసరంగా వచ్చానా అనుకుంటుండగా ఒక కట్టలోంచి తడిసిన ఎలుక వాసన వచ్చింది. విప్పి, రెమ్మ రెమ్మా విడదీసి పట్టుకున్నాను. ఒక్కటే రెమ్మ. 

మేస్త్రి మొహం మాడిపోయింది. "ముక్కమ్మగారు చూడలేదా దీన్ని?"

"లేదు. తొందరలో ఆవిడకి చూపించకుండా నేనే బుట్టలో వేసేశాను."

అబద్ధం అలా వచ్చేసింది. ఆవిడతో నేను రోజూ దెబ్బలాడతాను, అది వేరు. బయటివాళ్ళు ఆవిడని ఒక్క మాటన్నా నాకు పడదు. మేస్త్రి నన్ను అందరి ముందూ కడిగిపారేశాడు. బుద్ధుందా అన్నాడు, మనిషివేనా అన్నాడు. తల దించుకుని పడ్డాను. నా జన్మలో ఎవరి దగ్గరా అన్ని మాటలు పడలేదు.

ఇంటికొచ్చి అత్తయ్యకి జరిగిందంతా చెప్పాను, అబద్ధంతో సహా.  ఆవిడ ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రి స్వయంగా వచ్చాడు. అత్తయ్య అలవాటు కొద్దీ కుర్చీలో కూర్చుని ఉన్నారు, కట్టలు బల్ల మీద ఉన్నాయి. నా వంక పురుగుని చూసినట్టు చూసి, ఆవిడ వైపు తిరిగాడు.

"అమ్మా, మీ కోడల్ని ఈ బల్ల ఛాయలకి కూడా రానివ్వకండి. నా వంట తినేది మంచాల మీద ఉన్నవాళ్ళు. మీరు చూశానంటే చాలు, కళ్ళు మూసుకుని తీసుకెళ్తాను. లేదంటే వేరే తోట చూసుకుంటాను."

ఆవిడ తల ఊపితే చాలు. పేరు దక్కుతుంది, కుర్చీ దక్కుతుంది, నిందంతా ఎటూ నా నెత్తినే ఉంది. ఊపితే మాత్రం నేనేం చెయ్యాలి? అందరి ముందూ ఆవిడ పరువు తియ్యనా, నోరు మూసుకుని ఆ బుట్ట పంపించనా?  దేవుడా, ఊపకుండా చూడు అనుకున్నాను.

అత్తయ్య బల్ల పట్టుకుని లేచి నిలబడ్డారు.

"అది నీకు అబద్ధం చెప్పింది నాయనా. ఆ కట్ట చూసింది నేనే. జ్వరం వచ్చినప్పట్నుంచీ నాకు వాసన తెలీడం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఈ కుర్చీలోంచి లేవాలి, లేచాక ఈ ఇంట్లో నేనెందుకో నాకే అర్థం కాలేదు. తప్పు నాది. పరిగెత్తుకొచ్చి పట్టుకున్నది అది. మా సరుకు మానేస్తే మానెయ్. దాన్ని నలుగురిలో అన్న మాటలు మాత్రం వెనక్కి తీసుకో."

మా ఆయన చేతిలో కొడవలితో అలాగే నిలబడిపోయాడు. వాళ్ళమ్మ నోట "తప్పు నాది" అనే మాట ఆయన కూడా ఎప్పుడూ విని ఉండడు.

మేస్త్రి ఆవిడని చూశాడు, నన్ను చూశాడు. గోడ పక్కన ఉన్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "నిన్న నోరు జారానమ్మా, ఏమనుకోకు," అన్నాడు నాతో. "అయితే నా కళ్ళ ముందు చూసి ఇవ్వు. ఎంతసేపైనా కూర్చుంటాను."

అత్తయ్య నా భుజం పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టారు. నన్ను పొద్దున మళ్ళలోకి ఎందుకు దిగనివ్వలేదో, కాఫీ ఎందుకు ఇవ్వలేదో అప్పుడు తెలిసింది. ఆ కుర్చీ నాకివ్వాలని ఆవిడ రాత్రే అనుకున్నారు. మొదటి కట్ట విప్పాను. ఆకులు కనబడటం లేదు, కళ్ళనిండా నీళ్ళు.

"ఏడవకే," అన్నారు అత్తయ్య. "ముక్కు మూసుకుపోతుంది. ఈ ఇంటికి ఇక మిగిలింది అదొక్కటే."