యాభై ఆరు కళ్ళు

చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికించి జిగురు చెయ్యడానికి రెండు రోజులు. అందులో సుద్ద కలిపి బట్టకు మూడు పూతలు పూసి ఆరబెట్టడానికి ఇంకో రెండు రోజులు. అదంతా వసంత పని. హఫీజ్‌పేట్ స్టేషన్ పక్కన రెండు గదుల కిరాయి ఇల్లు. వంట, బట్టలు, ట్యాంకర్ దగ్గర కొట్లాట అయ్యాక మిగిలిన పగలంతా నేల మీద వంగి ఆ బట్ట మీద గీసిన పటానికి రంగులు నింపుతుంది. చీరలు, నగలు, పూలు, వెనకాల ఎరుపు అన్నీ ఆమే. భర్త రమేష్ ముందు గీతలు గీస్తాడు, చివర కళ్ళు పెడతాడు, కింద పేరు రాసుకుంటాడు. ఎవరైనా అడిగితే "మా ఆమె జర సాయం జేస్తది" అంటాడు. నడుము విరిగే చాకిరికి ఎంత ముద్దుపేరో!

కాపురానికి వచ్చిన మొదటి రోజే అత్త సాయమ్మ గట్టిగా చెప్పింది. "రంగులు ఎన్నన్న పుయ్యి బిడ్డా. కండ్ల జోలికి మాత్రం పోకు. ఆడిదాని చేతి కండ్లు మనింటికి అచ్చిరావు." తొమ్మిదేళ్ళుగా వసంత ఆ మాట దాటలేదు. చనిపోయిన మామ చంద్రయ్య వేసిన కళ్ళంటే జిల్లా అంతా పేరు. ఎటు నిలబడి చూసినా బొమ్మ మన వంకే చూస్తుందని శాలువాలు కప్పేవారు. ఆ శాలువాలన్నీ ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి.

ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. రాయదుర్గంలో రమేష్ సెక్యూరిటీగా చేసే కంపెనీ వాళ్ళు లాబీలో పెట్టడానికి పెద్ద బతుకమ్మ పటం కావాలన్నారు. "అద్దాల మీద రాళ్ళు పడకుండ దిష్టిబొమ్మ లెక్క" అని రమేష్ నవ్వాడు. ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నట్టు గీశాడు. వసంత రంగులు నింపింది. ఇక కళ్ళే మిగిలాయనగా రమేష్ రైల్ రోకోకి పోయి, పోలీసులను చూసి పరుగెత్తి, పట్టాల కంకర మీద పడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కాలనీలో మాత్రం లాఠీదెబ్బ అని చెప్పుకున్నాడు. ఎడమ చేత్తో పాత పేపరు మీద గీసి చూస్తే ఒక కన్ను నిమ్మకాయంత, ఒకటి ఆవగింజంత వచ్చింది. అయినా ఫోన్లో కంపెనీ మేడంకి హామీ ఇచ్చాడు. "ఎడమ చేత్తోనన్న ఏస్త మేడం. ఉద్యమంల ఉన్నోన్ని." ఆ మాట అనేసి కట్టు మార్పించుకోవడానికి దవాఖానకు పోయాడు.

అతను సందు మలుపు తిరగగానే సాయమ్మ తలుపు గడియ పెట్టింది. మోకాళ్ళు పట్టుకుంటూ పటం ముందు కూర్చుని, "గా సన్న కుంచె ఇటియ్యి" అంది.

వసంత ఇచ్చింది, ఎందుకో తెలియకుండానే. సాయమ్మ నల్లరంగులో కుంచె ముంచి, గిన్నె అంచుకు ఒత్తి, ఊపిరి బిగబట్టి ఒక గీత, కింద ఇంకో గీత, నడుమ చుక్క పెట్టింది. బొమ్మ వసంత వంకే చూసింది. ఆమె పక్కకు జరిగింది. బొమ్మ అప్పుడూ ఆమెనే చూస్తోంది.

అవి చంద్రయ్య కళ్ళు. పత్రికల్లో పడ్డ కళ్ళు.

"అత్తా... ఇవి మామయి కదా!"

"నీ మామకు సన్నగీత ఆనకపోయేది. చుక్క పెడితే జారేది. పెండ్లయిన రెండో ఏటి సంది తలుపు గడియ పెట్టుకొని నేనే పెట్టిన."

మండల ఆఫీసులో సన్మానం వసంతకు బాగా గుర్తు. మామ మెడలో దండ, చుట్టూ చప్పట్లు, గుమ్మం దగ్గర చాయ్ గ్లాసుల పళ్ళెంతో అత్త. ఆ పళ్ళెం పట్టుకున్న వేళ్ళేనా ఇవి? ఈ మనిషేనా తొమ్మిదేళ్ళు తన చేతిని కుంచె కొస దగ్గర ఆపింది?

"మరి నన్నెందుకు పెట్టనియ్యలే?"

"ఆడిది పెట్టగలదని తెలిస్తే నీ మామ పటాలు మల్లొకపారి చూడరా? పరువు ఉంటదా?" సాయమ్మ కుంచె ఆమె చేతికిచ్చింది. "ఇగ నువ్వు వట్టు. రమేష్ ఎడమ చేత్తో పెట్టిండని చెప్తం."

వసంతకు అప్పుడు నిజంగా భయం వేసింది. అత్త తన చేతిలో పెడుతున్నది విద్య ఒక్కటే కాదు, నోరు మూసుకుని బతకడం కూడా. అత్త పెట్టినట్టే మొదటి కన్ను పెట్టింది, రెండోది పెట్టింది. మధ్యాహ్నానికల్లా ఇద్దరూ కలిసి యాభై ఆరు కళ్ళూ పూర్తి చేశారు.

రమేష్ తిరిగొచ్చి పటం చూశాడు. "మంచిగొచ్చింది" అని ఫోన్లో ఫోటో తీసుకున్నాడు. ఎవరు పెట్టారని అడగలేదు. తల్లి ముఖం వంక చూడను కూడా లేదు. తండ్రి పటాలకు కళ్ళు పెట్టింది తల్లేనని చిన్నప్పటి నుంచీ ఇతనికి తెలుసని వసంతకు ఆ క్షణాన అర్థమైంది. తొమ్మిదేళ్ళు ఎవరి పక్కన పడుకుందో ఆమెకే తెలియనట్టయింది.

రెండు రోజుల తర్వాత కంపెనీ లాబీలో పటం వేలాడదీశారు. రమేష్ తల్లినీ భార్యనూ కూడా రమ్మన్నారు. హెచ్.ఆర్. మేడం స్వాతిది కడప వైపు. మైకు పట్టుకుని, "చెయ్యి విరిగినా కూడా లెఫ్ట్ హ్యాండ్‌తో వేశాడప్పా మన రమేష్!" అంది. చప్పట్లు మోగాయి. రమేష్ కట్టు కట్టిన చెయ్యి గుండె మీద పెట్టుకుని వినయంగా తల వంచాడు. మేడం ఒక తెల్లటి చార్టు, కుంచె తెప్పించింది. "ఒక్క జత కళ్ళు వేసి చూపించు రమేష్, వీడియో తీసుకుంటాం."

రమేష్ ముఖం పాలిపోయింది. "నొప్పి లేస్తున్నది మేడం..." అంటూ భార్య వంక చూశాడు. ఏదో ఒకటి చెప్పి తప్పించమని ఆ చూపు. సాయమ్మ వసంత మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

వసంత చెయ్యి విడిపించుకుని ముందుకు నడిచింది.

"ఎడమ చేత్తో ఆయనకు రాదు మేడం. నాకొస్తది. నాకంటె మంచిగ మా అత్తకొస్తది. మా మామ పేరు మీద నలభై ఏండ్లు ఆమెనే పెట్టింది."

"ఏందే నువ్వు..." అన్నాడు రమేష్ పళ్ళు కొరుకుతూ. "నువ్వు చెప్పమ్మా, గిది అబద్ధమని చెప్పు!"

అందరూ సాయమ్మ వైపు తిరిగారు. ఆమె కొడుకును చూసింది, కోడలిని చూసింది. నెత్తి మీది కొంగు సర్దుకుంది.

"అబద్ధమే" అంది. "నలభై కాదు, ముప్పై ఆరు."