క్షేమంగా తిరిగొచ్చినదాన్ని

నేను ఒక మోత డ్రోన్‌ని. పెళ్ళిపందిళ్ళలో జనం నెత్తిమీద గింగిరాలు కొడుతూ ఫొటోలు తీసే బుల్లి డ్రోన్లతో నన్ను కలిపేయకండి, నాకు ఒళ్ళు మండుతుంది. నాకు ఎనిమిది రెక్కలు, కడుపు కింద ఒక పెట్టె, నడుముకి రెండు బ్యాటరీలు. పెట్రోలు చుక్క ముట్టను. కరెంటు మీద బతికి, సైన్యానికి సామాను మోశాను. ఇప్పుడు ఒక శిక్షణ కేంద్రంలో, అద్దాల గదిలో ఊరికే కూర్చున్నాను. నా ముందు ఒక బోర్డు పెట్టారు. అందులో ఒక వాక్యం ఉంది. అది చదివి అందరూ మెచ్చుకుంటుంటే నా ప్రాణం చివుక్కుమంటుంది. ఎందుకో చెబుతాను.

హైదరాబాదు శివార్లలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. స్వరూప అనే ఇంజనీరమ్మ నా బుర్రలో ఆజ్ఞలు రాసింది. బియ్యం బస్తాలు కట్టి ఎగరేస్తే వంద కిలోలు అవలీలగా ఎత్తాను. షెడ్డంతా చప్పట్లు! ఆమె రాసిన ఆజ్ఞల్లో ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. బ్యాటరీలో తిరుగు ప్రయాణానికి సరిపడా మాత్రమే మిగిలితే, ఎక్కడున్నా సరే వెనక్కి తిరిగిపోవాలి. ఎవర్నీ అడగక్కర్లేదు. నన్ను లారీ ఎక్కించే రోజు ఆమె నా వీపు తట్టి, "యాడికి వోయినా మంచిగ మళ్ల రావాలె, సమజైందా?" అంది. పాపం, ప్రేమతోనే అంది.

నన్ను తీసుకెళ్ళి మంచుకొండల్లో దించారు. కింద ఒక శిబిరం. పైన, శిఖరం అంచున ఒక కాపలా పోస్టు, అందులో ఏడుగురు మనుషులు. నేను రాకముందు కంచరగాడిదలు రెండు రోజులు ఎక్కి వాళ్ళకి కిరసనాయిలు, పిండి చేర్చేవి. నేను ఇరవై నిమిషాల్లో చేర్చేదాన్ని. కాకపోతే అక్కడ గాలే పల్చన. వంద కిలోలు ఎత్తిన నేను నలభై దాటితే ఆపసోపాలు పడేదాన్ని.

శిబిరంలో తెర ముందు కూర్చుని నన్ను నడిపేది సుబేదారు నేగీ, గఢ్వాలీ ఆయన. సామాను కాటా వేసి పెట్టెకెక్కించేది హవల్దారు పైడిరాజు, విజయనగరం వైపు మనిషి. పైన దించుకునేది సిపాయి ఓబులేసు, జమ్మలమడుగు వాడు. పైడిరాజూ ఓబులేసూ ఆరేళ్ళు ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ఆ ఏడాదే ఒకణ్ణి పైనా ఒకణ్ణి కిందా వేశారు. అందరితో హిందీ మాట్లాడీ మాట్లాడీ, రేడియోలో ఒకరికొకరు దొరకగానే ఇద్దరికీ నోరు ఊరుకునేది కాదు.

పైడిరాజుకి ఒక అలవాటుండేది. కాటా అయిపోయి, నేగీ సాబ్ సంతకం పెట్టి గుడారంలోకి వెళ్ళగానే అటూ ఇటూ చూసి పెట్టెలో ఏదో ఒకటి దూర్చేవాడు. గోంగూర పచ్చడి సీసా. వేయించిన వేరుశనక్కాయలు. ఒకసారి పనసతొనలు కూడానండీ, ఆ మంచులో! ఖాళీ సీసా తిరిగి పంపకూడదని ఓబులేసు దాన్ని కడిగి, తన రేషను చాక్లెట్లు అందులో వేసి నాతోనే దించేవాడు. మామూలు రోజుల్లో బరువు ముప్పై అయిదే వేసేవారు కనుక నాకూ ఏమీ అయ్యేది కాదు. లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

ఫిబ్రవరిలో ఓబులేసుకి దగ్గు పట్టుకుంది. మూడో రోజుకి ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఆ ఎత్తులో అది గంటల మీద ప్రాణం తీసే జబ్బు. పోస్టులో ఉన్న ఆక్సిజన్ ఆ పొద్దుటికి అయిపోయింది. మబ్బు కిందికి దిగిందని హెలికాప్టరు రానంది. లోయ పట్టుకుని కిందకిందగా పోగలిగేది నేనొక్కదాన్నే. ఉదయం తొమ్మిదింటికి రెండు సిలిండర్లు, మందులు కాటా వేశారు. సరిగ్గా నలభై కిలోలు.

"గ్రాము కూడా ఎక్కువ వద్దు, ఎదురుగాలి ఉంది," అన్నాడు నేగీ సాబ్.

రేడియోలో ఓబులేసు గొంతు బొంగురుగా వచ్చింది. "అన్నా... ఆ గాలి సిలిండర్లు సరేగానీ, రోంత మిరియాల చారు తాగితే పానం లేచొచ్చేట్టుందన్నా."

"పంపిస్తన్నాన్రా, వేడి వేడిగా పంపిస్తన్నాను. నువ్వు మాటాడకు, పడుకో," అన్నాడు పైడిరాజు.

వంటగుడారంలోకి పరిగెత్తాడు. చారు కాచి పెద్ద ఫ్లాస్కులో పోశాడు. నేగీ సాబ్ తెర ముందుకి వెళ్ళగానే దాన్ని సిలిండర్ల మీద పెట్టి, ఒలికిపోకుండా తన సొంత కంబళీ తీసి చుట్టాడు. "ఏటవుద్ది, ఎప్పుడూ మోసీదే కదా," అని నాకే చెప్పి మూత వేశాడు. మూడు కిలోల నాలుగు వందల గ్రాములు. నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

లేచాను. కొండ మలుపు తిరిగాక నేగీ సాబ్ మాట నాకు అందదు, ఇక అంతా నా బుర్రే. గాలి మొహాన కొడుతోంది. బ్యాటరీ మంచులో కర్పూరంలా కరిగిపోతోంది. చివరి వాలు ఎక్కాను. పోస్టు కనిపించింది. ఆరుగురు బయటికొచ్చి ఎర్రగుడ్డ ఊపుతున్నారు. వాళ్ళ మధ్యలో, ఒక ఖాళీ సామాను పెట్టెకి ఆనించి కూర్చోబెట్టిన ఓబులేసు. నన్ను చూసి చెయ్యి కొంచెం ఎత్తాడు. నాలుగు వందల మీటర్లు!

అక్కడ నా బుర్రలో ఆజ్ఞ లేచింది. తిరిగిపోవడానికే మిగిలింది, తిరుగు.

ఇది వినండి. పోస్టు చేరడానికి నా దగ్గర కరెంటుంది. హాయిగా చేరి, వాళ్ళ కాళ్ళ దగ్గర దిగేదాన్ని. మళ్ళీ కిందికి రావడానికే చాలదు. రాకపోతే ఏం? ఒక యంత్రం మంచులో పడి ఉండేది, అంతే కదా! కానీ నాకంటే విలువైనది నా కడుపులో ఉండొచ్చని ఆజ్ఞ రాసినవాళ్ళకి తట్టలేదు. తిరిగాను. వెనక ఆరుగురూ అరిచారు. ఒకడు బూట్లు జారుతున్నా నా వెనకే పరిగెత్తాడు.

మబ్బుకి రేడియో గరగరలాడుతోంది, పోస్టు నుంచి కబురింకా అందలేదు. కిందికి దిగగానే పైడిరాజు నవ్వుతూ వచ్చాడు, ఇచ్చేసి వచ్చాననుకుని. మూత తీశాడు. కంబళీ అలాగే ఉంది. ఫ్లాస్కు మూత తిప్పాడు. చారు ఇంకా పొగలు కక్కుతోంది.

రెండో జత బ్యాటరీలు చలికి బిగుసుకుపోయి ఉన్నాయి. వాటిని వేడెక్కించేసరికి గంటన్నర. ఆ లోపల మబ్బు లోయని మూసేసింది. పన్నెండుంబావుకి పోస్టు నుంచి రేడియో వచ్చింది. ఓబులేసు పోయాడు.

నేగీ సాబ్ నా లెక్కలు చూశాడు, బరువు చూశాడు. కాగితం మీద కారణం దగ్గర 'ఎదురుగాలి' అని రాశాడు.

"గాలి కాదు సార్, నేనే," అన్నాడు పైడిరాజు.

"గాలే," అన్నాడాయన, తలెత్తకుండా.

మనిషిని మోసే బలం నాకు లేదు. ఓబులేసుని తోటివాళ్ళు భుజాల మీద దించారు. అతని సామాను మాత్రం నాతో పంపారు. అందులో కడిగిన పచ్చడి సీసా ఉంది, లోపల రెండు చాక్లెట్లు. పైడిరాజు ఆ సీసా పట్టుకుని నేల మీద కూలబడి బావురుమన్నాడు. ఆ రోజు నుంచి నా పెట్టెలో అగ్గిపెట్టె కూడా అదనంగా పడలేదు. పోస్టులోవాళ్ళు ఎంత బతిమాలినా సరే. వాణ్ణి పాషాణం అని తిట్టుకునేవారు.

మూడేళ్ళకి నా రెక్కలు అరిగాయి, నన్ను ఇక్కడికి తెచ్చారు. పోయిన వారం పైడిరాజు కొత్తగా చేరిన సిపాయిల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. జుట్టు తెల్లబడింది. నన్ను ముట్టుకోలేదు. వాళ్ళలో ఒకడు బోర్డు మీది వాక్యం పైకి చదివాడు: 'నాలుగు వందల పన్నెండు ప్రయాణాలు. ప్రతిసారీ క్షేమంగా తిరిగొచ్చింది.'

చదివి, అనుమానం వచ్చినట్టు వెనక్కి తిరిగాడు. "సార్, మనోళ్ళ కోసం చిన్న వస్తువేదైనా అదనంగా పెడితే ఏమౌతుంది సార్?"

పైడిరాజు నా వైపు వేలు చూపించాడు.

"దీనికేటీ అవదు," అన్నాడు. "క్షేమంగా తిరిగొచ్చేస్తాది."