ఎర్రాకుల కుండీ

ఇందిరాపురం అపార్టుమెంటులో గింజ నుంచి మాణిక్యం మూడేళ్లు సాకిన చలిదేశపు మేపుల్ మొక్క ఆ డిసెంబరులో ఎర్రబారింది. మెట్ల దగ్గరున్న ఆ కుండీని కాలనీ సెక్రటరీ రఘునందన్ తన పేరుతో మొక్కల ప్రదర్శనలో పెట్టి కప్పు కొట్టేశాడు.

సిగ్గులేకుండా మర్నాడే వచ్చాడు. "ఆంటీ, మీ దగ్గర మిగిలిన గింజలివ్వండి. వచ్చేసారి ఇంటికో మొక్క ఇస్తానని అందరికీ మాటిచ్చేశా."

"దాందేముంది నాయనా, నానబెట్టి ఎండలో పాతెయ్" అంటూ దోసిట్లో పోసింది. మూడు నెలలు ఫ్రిజ్‌లో, తడి ఇసుకలో ఉంచితేగాని అవి మొలవవన్న సంగతి కడుపులోనే దాచుకుంది.

ఏడాది తిరిగింది. ప్రదర్శన వేదిక మీద, ఇంటికొకటని రఘునందన్ పెట్టించిన నలభై కుండీల్లోనూ ఉత్త మట్టే.

"గింజలు పుచ్చువి" అని గొణిగాడు రఘునందన్.

మాణిక్యం ముందువరసలో లేచింది. "పోన్లే బాబూ. నిరుడు కప్పు తెచ్చినదాన్ని ఎట్లా మొలిపించావో మైకులో చెప్పు, నేర్చుకుంటాం."

అతను మైకు దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. జనం అతన్నే చూస్తుంటే ఆమె తీరిగ్గా కూర్చుంది.