బన్నుతాత నుదుటి పరీక్ష

బేకరీ బట్టీలోంచి ఎగిరిన నిప్పురవ్వకి ఇంత లోకంలో చోటే దొరకనట్టు, వచ్చి వచ్చి బన్నుతాత కుడికంట్లో పడింది. గాయం చిన్నదేనన్నాడు డాక్టరు. మందు వేసి, తెల్లటి కట్టు కట్టి, "వారం దాకా విప్పకండి, తడపకండి. ఈ వయసులో జాగ్రత్తగా ఉండాలి" అని పంపేశాడు. యాభై మూడేళ్లు కూడా ఒక వయసేనా! ఆ డాక్టర్ని, అతనికి చదువు చెప్పినవాళ్లని, అసలు చదువనే దాన్ని కనిపెట్టినవాళ్లని తిట్టుకుంటూ ఇల్లు చేరాడు బన్నుతాత. మూడో తరగతిలో తనని బయటికి తోలేసిన బడి మీద అతనికి ఇప్పటికీ కసి తీరలేదు.

బన్నుతాత అన్న పేరు మనవరాలు పెట్టింది, వీధంతా పట్టుకుంది. ఎవరితోనూ నాలుగు మాటలు నెమ్మదిగా మాట్లాడని మనిషి, ఆరేళ్ల ఆ పిడుగు దగ్గర మాత్రం నానిన పిండిలా మెత్తబడిపోయేవాడు. రోజూ పొద్దున్నే మొదటి ట్రే బయటికి తీసే వేళకి ఆ పిల్ల వెనకింట్లోంచి కళ్లు నులుముకుంటూ వచ్చి పిండి బస్తా ఎక్కి కూర్చునేది. మొదటి బన్ను దానిది. అతను ఊది ఊది తుంచి నోట్లో పెట్టాలి. ఆ తరవాతే దుకాణం షట్టరు లేచేది.

కట్టు కట్టిన మర్నాడు కూడా పిడుగు వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తాతనీ, కట్టునీ, అతని వెనక బల్ల మీద గుట్టగా పోసిన బన్నులనీ చూసింది. చేతులు ఎత్తి, నేర్చుకున్న ఖురాన్ వాక్యాలు గుక్క తిప్పుకోకుండా చదివేసింది.

"ఏంటే? రా, బన్ను చల్లారిపోతోంది" అన్నాడు.

"నేను రాను. నువ్వు తాతవి కాదు, దజ్జాల్‌వి!" అని ఒకటే పరుగు.

ఆ రోజు బన్ను కొనడానికి వచ్చిన ప్రతివాడూ తిట్లు కూడా మోసుకెళ్లాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు భార్య ఇంక ఊరుకోలేకపోయింది. "జనం మీద అరిస్తే ఏమొస్తుంది? వెళ్లి ఉస్తాదుగారినే అడగండి."

మసీదు పక్క గదిలో పిల్లలకి ఖురాన్ చెప్పే ఉస్తాదు బక్కపలచటి మనిషి. ఎదుటివాళ్లు ఎంత అరిచినా గొంతు పెంచడు. బన్నుతాతకి అదే ఒళ్లుమంట.

"ఏం నూరిపోశారండీ మా పిల్లకి?"

"ప్రళయం గుర్తులు చెప్పాను. దజ్జాల్ అనే మాయగాడు వస్తాడు, నేనే దేవుణ్ణంటాడు, రొట్టెలు చూపించి జనాన్ని లోబరుచుకుంటాడు. చివరికి ఈసా ప్రవక్త దిగొస్తారు. ఆయన్ని చూడగానే వాడు నీళ్లలో ఉప్పులా కరిగిపోతాడు. మీకు తెలియందేముంది?"

"వాడెలా ఉంటాడని చెప్పారు?"

"గిరజాల జుట్టు."

బన్నుతాత చెయ్యి దానంతటది తల మీదికి వెళ్లింది.

"ఒక కన్ను ఉబ్బిన ద్రాక్షపండులా ఉంటుంది."

"ఏ కన్ను?"

ఉస్తాదు కట్టు వంక చూసి చూపు తిప్పుకున్నాడు. "కుడిది."

"ఎడమదని చెప్తే మీ సొమ్మేం పోయింది?"

"నాకు తోచినట్టు మార్చడానికి అదేమన్నా నా ఇంటి గోడ రంగా? అయినా మీ పేరు చెప్పలేదు కదా! ఇంకో గుర్తు ఉంది. రెండు కళ్ల మధ్య, నుదుటి మీద వాడు అవిశ్వాసి అని రాసి ఉంటుంది. విశ్వాసం ఉన్నవాళ్లు చదువు వచ్చినా రాకపోయినా చదివేస్తారు."

"రాకపోయినానా?"

"రాకపోయినా."

దారిలో మంగలి దుకాణం అద్దం ముందు ఆగాడు బన్నుతాత. ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, జుట్టు పైకెత్తి నుదురు చూసుకున్నాడు. ఏమీ లేదు. అద్దంలో అక్షరాలు తిరగబడతాయేమోనని ఇంకోసారి చూసుకున్నాడు. తనకి తనే సిగ్గుపడి, ఆ మంగలిని కూడా ఓ తిట్టు తిట్టి నడిచాడు.

మధ్యాహ్నం బల్ల మీద పిండి పిసుకుతున్నాడు. తల నుంచి కాళ్ల దాకా మైదా. వెనక అడుగుల చప్పుడై తిరిగాడో లేదో, మగ్గు నిండా నీళ్లు మొహాన పడ్డాయి. పిడుగుకి ఉస్తాదు పాఠంలో నీళ్లూ ఉప్పూ గుర్తున్నాయి గానీ, ప్రవక్త రావాలన్న ముక్క జారిపోయింది.

జుట్టు మీది మైదా తెల్లగా కారి, బుగ్గల మీంచి గడ్డం దాకా ధారలు కట్టింది.

"నానమ్మా! కరిగిపోతున్నాడు!"

భార్య పరిగెత్తుకొచ్చి తడిసిన కట్టు గబగబా విప్పేసింది. కింద కన్ను ఎర్రగా, నిగనిగలాడుతూ ఉబ్బి ఉంది.

"ద్రాక్షపండు!" పిడుగు కేక వీధి చివరిదాకా వినపడింది.

బన్నుతాత అరవబోయాడు. నోరు తెరిచాడు కూడా. కానీ పిల్ల పారిపోలేదు. ఖాళీ మగ్గు గుండెలకి హత్తుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది.

"మా తాతని ఏం చేశావు? మా తాతని ఇచ్చెయ్!"

తెరిచిన నోరు మూసుకున్నాడు. తడిబట్టలతోనే నేల మీద మోకాళ్లు ఆనించి కూర్చున్నాడు.

"ఇలా రా. నుదుటి మీద రాసుంటుందని చెప్పారా లేదా?"

"చెప్పారు."

"అయితే చదువు."

"నాకింకా చదువు రాదు."

"నాకూ రాదు. రానివాళ్లు కూడా చదవొచ్చని మీ ఉస్తాదుగారే అన్నారు. రా."

ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది. మూడు రోజుల తరవాత చేతికందేంత దగ్గరికి. కనుబొమల మధ్య వేలు పెట్టి మెల్లగా రుద్దింది.

"గీతలున్నాయి."

"అవి నా కోపానివి."

"నల్లగా ఉంది."

"బట్టీ మసి. తుడిచి చూడు."

గౌను అంచుతో తుడిచింది. ముక్కు ముక్కుకి తగిలేంత దగ్గరగా వంగి చూసింది. బన్నుతాత నుదురు అలాగే వంచి ఉంచాడు. బళ్లో పలక పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా ఇంత భయపడలేదు.

"ఏమీ రాసి లేదు" అంది పిడుగు.

"బాగా చూశావా?"

"రెండుసార్లు చూశాను."

అతను కూడా రెండుసార్లే చూసుకున్నాడు. ఆ సంగతి చెప్పలేదు.

కొత్త కట్టు కట్టించుకోవడానికి వెళ్తే డాక్టరు చీవాట్లు పెట్టాడు. ఎప్పుడూ లేనిది, బన్నుతాత కిక్కురుమనకుండా పడ్డాడు.

వారం తిరిగి ఆ కట్టూ పోయింది, కన్నూ బాగుపడింది. పిడుగు మాత్రం పరీక్ష మానలేదు. రోజూ పొద్దున్నే బస్తా ఎక్కి, ముందు తాత తల వంచి నుదురు చూసి, ఆ తరవాతే నోరు తెరుస్తుంది. అందుకే బన్నుతాత ఇప్పుడు మొదటి ట్రే తీయగానే మొహం కడుక్కుంటున్నాడు, అదీ సబ్బు పెట్టి. ఏ పిండి చార ఏ అక్షరంలా కనపడుతుందో ఎవరికి తెలుసు?