చూడకుండా పెట్టిన టిక్కు

ముప్పై ఏడేళ్లు రసాయనశాస్త్రం బోధించాను. కంటితో చూడనిది రాయకూడదని విద్యార్థుల ప్రయోగ పుస్తకాల మీద ఎర్రసిరాతో ఎన్నిసార్లు రాశానో! అటువంటి నేను ఒక రోజంతా ఒక టిక్కును నమ్మాను.

మా అమ్మాయి ప్రసవించిన ఆసుపత్రిలో, మంచానికి తగిలించిన కాగితం మీద, ‘మలవిసర్జన’ అన్న గడిలో ఉందది. మనవరాలికి అప్పటికి రెండో రోజు. తాగిన పాలన్నీ కక్కేస్తోంది.

“పసిపిల్లలు కక్కక మనం కక్కుతామా!” అంటూ వియ్యపురాలు గుడ్డలను ఎప్పటికప్పుడు ఉతికేసింది. “పేగు పనిచేస్తోందిలే,” అని నేనూ ఆ కాగితం చూపించి అమ్మాయికి పాఠం చెప్పాను.

మూడో రోజు ఉదయం అమ్మాయి తలగడ కింద దాచిన గుడ్డ తీసి నా ముందు పరిచింది. పాప కక్కిన ముదురు ఆకుపచ్చ పసరు.

“ఇది పాల రంగేనా నాన్నా? పుట్టినప్పటినుంచీ దాని గుడ్డలు మారుస్తున్నది నేను. ఒక్కసారి కూడా దొడ్డికెళ్లలేదు. కాగితాన్ని నమ్ముతావు, నన్ను నమ్మవు!”

గుడ్డా కాగితమూ పట్టుకుని నర్సు దగ్గరికి నడిచాను.

“ఈ టిక్కు పెట్టింది మీరేనా? చూసే పెట్టారా?”

“రెండో రోజుకి అందరికీ అవుతుంది కదండీ తాతగారూ. అందరితోపాటే పెట్టేశాం.”

“అందరికీ అయ్యేదైతే ఆ గడి గీయడం దేనికి?” నా అరుపుకి వార్డంతా తిరిగి చూసింది.

ఎక్స్‌రేలో పాప పొట్టలో రెండే రెండు గాలి బుడగలు కనిపించాయి. వాటి కింద ఏమీ లేదు.

“చిన్నపేగు మొదట్లోనే మూసుకుపోయింది. పుట్టుకతో వచ్చిందే,” అన్నాడు సర్జన్. “ఇలాంటి పిల్లల్లో కొందరికి గుండెలోపం కూడా ఉంటుంది. అది చూశాకే మత్తివ్వాలి. మొదటి రోజే తెలిసి ఉంటే ఇంతగా నీరసించేది కాదు.”

“కడుపుతో ఉండగా ఏం తిన్నదో ఏమో...” అని వియ్యపురాలు గొణిగింది.

“తిండి వల్ల కాదమ్మా,” అన్నాడాయన కటువుగా. నేను అనవలసిన మాట అది.

గుండెలో చిన్న రంధ్రం ఉందన్నారు, ఆపరేషన్‌కు అది అడ్డం కాదన్నారు. మూసుకున్న చోటును దాటించి పేగును కలిపి కుట్టారు. ఇక అది పనిచేస్తుందా లేదా అన్నదే ప్రశ్న. ఆపరేషన్ తర్వాత ఎనిమిది రోజులు అమ్మాయి నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, “నర్సమ్మా!” అని కేక పెట్టింది.

నర్సు పెన్ను తెరుచుకునే వచ్చింది. అమ్మాయి పాప కింద నుంచి తీసిన గుడ్డ మడత విప్పింది.

“పెన్ను పక్కన పెట్టండి. ముందు వంగి చూడండి.”

నర్సు వంగి చూసింది. ఆమె పక్కన నేనూ వంగాను.