మాట్లాడే ఇసుకమూట

ఉడికిన బంగాళాదుంపల తొక్క తీస్తున్నాను. మా ఆయన లైల్ వెనకనుంచి వచ్చి కాఫీ పోసుకుంటూ, "ఇవాళ పోటీలో నువ్వు కొత్తగా చేసేదేం లేదు, ఆర్డిస్. ఎప్పటిలాగే ఊరికే కూర్చో, చాలు," అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అక్కడే ఉంది చిక్కంతా. విసుక్కుని ఉంటే ఆ మాట వచ్చిన దారినే పోయేది. ప్రేమగా అన్న మాటలు మాత్రం ఇంట్లోనే ఉండిపోతాయి, వదిలించుకోలేని చుట్టాల్లాగా.

ఊరికే కూర్చోవడమన్నది మా పెళ్ళయిన కొత్తలోనే మొదలైంది. బైకుకి కుడిపక్కన బిగించిన ఒంటిచక్రం తొట్టిలో, అదే సైడ్‌కార్‌లో, నన్ను మొదటిసారి చూసి మా అత్తగారు, "అదృష్టమంటే నీదేనమ్మా, మావాడు నిన్ను రాణిలా కూర్చోబెట్టి తిప్పుతున్నాడు," అంది. రాణి మోకాళ్ళ మధ్య ఐసుపెట్టె ఉండేది, పాదాల కింద టెంటు మేకులు, ఒళ్ళో బంగాళాదుంపల సలాడ్ గిన్నె. పక్కనుంచి పాల లారీ పోతే దాని చక్రం సరిగ్గా రాణి చెవి ఎత్తున తిరిగేది. బైకు మీద లైల్ కొండలు చూసేవాడు. నేను రోడ్డు అంచున చచ్చిపడి ఉన్న ఉడతల్ని చూసేదాన్ని.

విస్కాన్సిన్‌లో మా వైపు పల్లె రోడ్లకి పేర్లుండవు, అక్షరాలే. మా ఇంటి ముందునుంచి పోయేది కె రోడ్డు. అది కొండల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. కుడివైపు మలుపు వచ్చిందంటే సైడ్‌కార్ చక్రం నేల వదిలి లేవాలని చూస్తుంది. అప్పుడు నేను అంచుమీదుగా ఒళ్ళంతా కుడివైపు బయటికి వేలాడదీయాలి, భుజం గడ్డిపరకలకి తగిలేంతగా. ఎడమ మలుపులో అతని వైపు ఒరగాలి, కుడి మలుపులో అతనికి దూరంగా. ఏ మలుపులో ఎంత వంగాలో నాకు ఎవరూ నేర్పలేదు. అతని భుజం కదలడం చూసి నా నడుము దానంతటదే నేర్చుకుంది. ఇంట్లోనూ అంతే. అతని కుర్చీ చప్పుడును బట్టి నేను ఏ పక్కకి ఒరగాలో నా ఒంటికి తెలిసిపోయేది. నడుంనొప్పికి వయసే కారణమన్నాడు డాక్టరు. ఆయనెప్పుడూ కె రోడ్డు మీద సైడ్‌కార్‌లో కూర్చుని ఉండడు.

కిందటి శరదృతువులో, శుక్రవారం చేపల వేపుడు తినడానికి మా బైకుల క్లబ్బు వాళ్ళమంతా కూడాం. సైడ్‌కార్ కొత్తగా కొన్న ఒకతను, పక్కన మనిషి లేనప్పుడు ఎంత బరువు ఇసుకమూట పెట్టుకోవాలని అడిగాడు. లైల్ చేతిలో ఉన్న చేపముక్క కిందపెట్టి, "నాకా బెంగ లేదు. నాది మాట్లాడే ఇసుకమూట," అన్నాడు. బల్లంతా నవ్వింది. నేనూ నవ్వాను. నా మొహానికి నవ్వడం అలవాటు. ఆ చలికాలమంతా బండి గరాజులో దుప్పటి కింద పడి ఉంది. నేను కిటికీలోంచి మంచు చూస్తూ ఆ మాటనే నములుతూ కూర్చున్నాను. పగ గురించి చాలామంది పొరబడతారు, అది మండుతుందనుకుంటారు. నాలో అది చల్లగా ఉండేది. దానివల్ల రాత్రిళ్ళు హాయిగా నిద్రపట్టేది.

వసంతంలో మా క్లబ్బులోని కొరీన్ తన ట్రైక్ తీసుకుని మా ఇంటికి వచ్చింది. భర్త పోయాక అతని బైకుకే వెనక రెండు చక్రాలు పెట్టించి మూడు చక్రాల బండి చేయించుకుంది. ముందు నన్ను వెనక ఎక్కించుకుంది, తర్వాత దిగి నన్నే ముందుకు జరగమంది. నిజం చెప్పాలంటే అది మొండి బండి. హ్యాండిల్ తిప్పడానికి మోచేతులు పీకాయి. మలుపులో అది బైకులా ఒరగదు, కూర్చున్న మనిషిని బయటికి విసిరేయాలని చూస్తుంది. గతుకుల్లో మూడు చక్రాలూ మూడు వేరే గుంతల్ని వెతుక్కుంటాయి. కానీ సీటు సోఫాలా ఉంది, వీపుకి ఆసరా ఉంది, బండి ఆగినప్పుడు కాలు మోపక్కర్లేదు. మొక్కజొన్న చేలకి అవతల ఏముందో మొదటిసారి కనిపించింది. దాని మలుపులకి ఇంకొకరి నడుం అవసరం లేదు.

ఇంటికొచ్చి, మనమూ ట్రైక్ కొందామన్నాను. నడిపేదెవరని అడిగాడు. ఇద్దరమూ అన్నాను. సూపు తాగుతున్నవాడు నవ్వు ఆపుకోలేక చెంచా కిందపెట్టాడు. "అది మూడు చక్రాల మంచమే, ఆర్డిస్," అన్నాడు. తర్వాత ఆ జోకును క్లబ్బుకి మోసుకెళ్ళాడు. "మంచమైతే ఏం, నాకు నడుం నొప్పి లేకుండా ఉండేది దానిమీదే," అంది కొరీన్. మాటా మాటా పెరిగింది. వేసవి పిక్నిక్‌లో, వరసగా పెట్టిన ప్లాస్టిక్ కోన్లు పడకుండా వాటి మధ్య బండి తిప్పే పోటీ పెడదాం అన్నాడు లైల్. ట్రైక్ నెగ్గితే సైడ్‌కార్ అమ్మేసి ట్రైక్ కొంటాడు, దాన్ని ఆర్డిసే నడుపుతుంది. అందరి ముందూ అన్నాడు. అంత ధీమా తనకి ఎవరి నడుంమీద ఉందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

పిక్నిక్ సంతమైదానంలో, పశువుల కొట్టాల వెనక. ముందు కొరీన్ వెళ్ళింది. పళ్ళు బిగించి, భుజాలతో కుస్తీ పడుతూ, నెమ్మదిగా తిరిగింది. ఒక్క కోను కూడా పడలేదు. పాపం మంచం మోసుకొచ్చిందన్నాడు లైల్. కొందరు నవ్వారు. నేను సలాడ్ గిన్నె బల్లమీద పెట్టి, హెల్మెట్ పెట్టుకుని, సైడ్‌కార్‌లో కూర్చున్నాను.

ఏం చేస్తానో అప్పటిదాకా నాకూ పూర్తిగా తెలియదు. బండి కదిలింది. మొదటి ఎడమ మలుపు దానంతటదే గడిచిపోయింది. రెండోది కుడివైపు. దాన్ని కె రోడ్డు మీద తీసుకున్నంత వేగంగా తీసుకున్నాడు. అతని భుజం కదిలింది. నా నడుము లేవబోయింది. అన్నేళ్ళ అలవాటు, పిలుపు విన్న కుక్కలాగా. నేను దాన్ని పట్టుకుని కూర్చోబెట్టాను. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఊరికే కూర్చున్నాను.

నా కింద చక్రం నేల వదిలింది. ఆ క్షణం భయమేసింది, ఎందుకంటే పడితే ఇద్దరం పడతాం. కానీ ఆ భయం నాది, నేను ఎంచుకున్నది. చక్రం లేస్తే హ్యాండిల్‌ని ఎడమకి లాగొద్దని కొత్తవాళ్ళకి ప్రతి వేసవీ పాఠం చెప్పే మనిషి, సరిగ్గా అదే చేశాడు. బండి కోన్లను తొక్కుకుంటూ నేరుగా వెళ్ళి గడ్డిమోపుల గోడలో దూరింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. పెనంమీద సాసేజీలు చిటపటమంటున్నాయి. లైల్ హెల్మెట్ తీశాడు. మొహం ఎర్రగా ఉంది.

"ఎందుకు వంగలేదు? నువ్వు వంగకపోతే నేనెలా తిప్పేది?"

మైదానమంతా విన్నది. చేపల వేపుడు రోజున నవ్విన వాళ్ళందరూ విన్నారు. నేను నోట్లోని గడ్డి ఉమ్మేశాను.

"మూటలు వంగవు కదా, లైల్."

మొదట కొరీన్ నవ్వింది. తర్వాత అందరూ. అతను అటూ ఇటూ చూశాడు, నవ్వు ఎవరిమీదో తెలియనట్టు. ఇన్నేళ్ళూ నేను అలాగే చూసేదాన్ని. నాకు జాలి వచ్చింది. నేను దాన్ని కూర్చోమనలేదు, అది వెళ్ళిపోయింది.

సాయంత్రం సర్దుకునే వేళకి అతను బైకెక్కి ఇంజను స్టార్ట్ చేసి ముందుకే చూస్తూ కూర్చున్నాడు. నేను ఎక్కానో లేదో ఏనాడూ తిరిగి చూసింది లేదు. టెంటు కాలికి బరువుగా కట్టిన ఇసుకమూట విప్పాను. రెండో కొస కొరీన్ పట్టుకుంది. దాన్ని నా సీట్లో కూర్చోబెట్టాం. బెల్టు పెట్టాను. గాలి తగలకుండా నా దుప్పటి కప్పి, ఖాళీ సలాడ్ గిన్నె దాని ఒళ్ళో పెట్టాను. అప్పుడు తిరిగి చూశాడు.

"ఇది మాట్లాడదు కూడా," అన్నాను.

కొరీన్ తన ట్రైక్ తాళంచెవి నాకిచ్చి వెనక ఎక్కింది. కె రోడ్డు దాకా లైల్ వెనకే వచ్చాం. మొదటి కుడి మలుపు దగ్గర అతను బాగా నెమ్మదించాడు, దాదాపు ఆగినంత పని చేశాడు.

నేను హారన్ కొట్టాను.